మిఠాయికి పిలుపుపేరు

వ్యాపారం పెట్టబోయే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వస్తారు. నేను రిటైరయ్యానన్న మాట వాళ్ళ చెవికెక్కదు. ఫోను నా ముక్కు దగ్గర పెట్టి "ఆంటీ, లోగో ఎట్లుంది?" అని అడుగుతారు. లోగో బ్రహ్మాండంగానే ఉంటుంది. "పేరు వెతికించారా?" అంటే మాత్రం దిక్కులు చూస్తారు. "ఎందుకాంటీ, మా తాత పేరే గదా!" అంటారు. నాయనా, మీ తాత పేరు ఈ జిల్లాలో ఇంకెంతమంది తాతలకు ఉందో నీకు తెలుసా? వాళ్ళలో ఒకాయన మనవడు నీకంటే ముందు లేచి రిజిస్టరు చేయించుకుని ఉంటే, నిన్ను కాపాడటానికి మీ తాత రాడు.

ఇట్లా కసురుకోవడం నాకు ఉద్యోగంలో అబ్బిన గుణం. తమిళనాడులోని విరుదునగర్‌లో ట్రేడ్‌మార్క్ పనులు చూసే ఒక వకీలు దగ్గర నా జీవితమంతా గడిచింది. కోవిల్‌పట్టిలో పొద్దున రైలెక్కి పోయి, సాయంత్రం రైల్లో తిరిగొచ్చేదాన్ని. నా పని పేర్లు వెతకడం. ఎవరైనా తమ సరుకుకు ఒక పేరు అనుకుని వస్తే, ఆ పేరు గానీ దాన్ని పోలింది గానీ, అదే రకం సరుకు మీద ఇదివరకే ఇంకొకరి పేరున నమోదై ఉందా అని చూసి చెప్పాలి. మా పక్క అగ్గిపెట్టెలవాళ్ళు, టపాకాయలవాళ్ళు, నూనెవాళ్ళు, పప్పులవాళ్ళు, మిఠాయివాళ్ళు కుప్పలు. అందరికీ పులి బొమ్మే కావాలి. పులి ఒకరికి ఉందంటే రెండు పులులు వేస్తామంటారు. ఒకాయన చారలు తీసేసి "ఇది పులి కాదమ్మా, పిల్లి" అని నాతో వాదించాడు. ఆ పిల్లి నోట్లో కోరలు అట్లాగే ఉన్నాయి.

నేను ఇప్పుడు చెప్పబోయేది పులి సంగతి కాదు. ఒక కోడలి సంగతి. నా ఉద్యోగం ముగిసే ఏడాదిలో జరిగింది.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. కడంబూరు పక్క పల్లె. చేతుల నిండా బెల్లం పాకం చింది కాలిన మచ్చలు. పెళ్ళయినప్పటి నుంచి కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి తయారుచేసే ఒక పట్టడిలో పనిచేసింది. పాకం ఎప్పుడు దించాలో కళ్ళు మూసుకుని వాసనతో చెప్పగలదట. ఆ ధైర్యంతోనే పని మానేసి, ఊరి బయట రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, తనతో పనిచేసిన మరో ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకుని సొంతంగా మిఠాయి మొదలుపెట్టింది. పాత యజమాని "పోయినదానివి పోయినట్టే, మళ్ళీ ఈ గడప ఎక్కొద్దు" అన్నాడు. వీళ్ళ సరుకు సాత్తూరు దాకా బాగానే పోతోంది. దీపావళికి పెద్ద ఆర్డర్లు కూడా చేతికి వచ్చాయి. అంతలో విరుదునగర్‌లోని ఒక నూనె కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మీరు వాడుతున్న పేరు మాది, వెంటనే ఆపండి, లేకపోతే కోర్టుకు లాగుతాం అని. ఆ మాట తెలియగానే సాత్తూరు బస్టాండు అంగడివాడు ఆమె డబ్బాలు మూలకు నెట్టాడు. దీపావళి ఆర్డర్లు పోతే షెడ్డు మూతపడుతుంది. ముగ్గురు ఆడవాళ్ళు కూలికి కూడా ఎక్కే గడప లేక నిలబడతారు.

నేను కంప్యూటరు ముందు కూర్చుని అడిగాను.

"ఏం పేరు పెట్టినావమ్మా మిఠాయికి?"

ఆమె సంచిలోంచి ఒక డబ్బా తీసి నా వైపు జరిపింది.

"కళ్ళజోడు లోపల పెట్టొచ్చినా. నువ్వే చెప్పు" అన్నాను.

"దాని మీదే ఉంది గదక్కా" అంది తల వంచుకుని.

"ఉంటే ఉండనీలే. నీకు నోరుంది గదా!"

ఊహూఁ. నోరు విప్పదు. డబ్బాను ఇంకో నాలుగు వేళ్ళు నా వైపు జరిపింది. ఓరి దేవుడా, సాయం కోరి వచ్చి ఇంత బెట్టా అని నాకు ఒళ్ళు మండింది. గొణుక్కుంటూ లేచి పోయి కళ్ళజోడు తెచ్చుకుని చదివాను. మా పక్క తెలుగు మాట్లాడే రైతు కులాల్లో ఒక వంశంవాళ్ళు ఇంటి దైవంగా కొలిచే అమ్మవారి పేరు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆ కంపెనీ నిక్షేపంగా ఉంది. ఈ వయసులో నోటీసు అందుకునే ఓపిక నాకు లేదు.

"ఎవరు పెట్టినారు ఈ పేరు?"

"అమ్మోరే ఇచ్చింది. మా అత్త పూలేసి అడిగింది."

మావాళ్ళకు ఇది మామూలే. పెళ్ళి సంబంధమైనా, బావి తవ్వడమైనా అమ్మవారి ముందు పూలు వేసి అడుగుతారు. పేరు విషయంలో అయితే, ఒక్కో పేరుకు ఒక్కో రంగు పువ్వు అనుకుని, వాటిని ఆకుల్లో చుట్టి కలిపి, పూజారి చేత ఒకటి తీయిస్తారు. వచ్చిన పువ్వు అమ్మవారి మాట. దాన్ని దాటడం ఉండదు. వీళ్ళ అత్త మూడు పేర్లు అనుకుని పూలు వేసిందట. మూడింటిలో ఒక్కటి కూడా ఎవరూ వెతికి చూడలేదు. అమ్మవారు ఇచ్చాక వెతకడం ఏమిటని అనుకుని ఉంటారు.

నేను వెతికాను. ఆశ ఎక్కడా మిగల్లేదు. ఆ నూనె కంపెనీ ఎప్పుడో ఆ పేరును నూనెకు నమోదు చేయించింది. ఈమె షెడ్డు పెట్టకముందే తినుబండారాలకు, మిఠాయిలకు కూడా చేయించుకుంది. సరుకు వేరు అని తప్పించుకునే సందు లేదు. మా వకీలు సారు డబ్బా ఇటూ అటూ తిప్పి చూసి, తమిళంలో తేల్చి చెప్పాడు. పేరు మార్చుకోవాలి, ఉన్న సరుకు అమ్ముకోవడానికి గడువు అడగాలి, అంతకు మించి దారి లేదు.

"నాకేం అడ్డం లేదు సార్. మా అత్త ఒప్పుకోదు."

"వ్యాపారం నీదా, మీ అత్తదా?"

"షెడ్డు నాది సార్. అమ్మోరు ఆమెది" అంది. ఆ మాట మాత్రం ఆమెకు తెలుగులో వచ్చేసింది, దాన్ని సారుకు తమిళంలో చెప్పడానికి కాస్త తంటాలు పడ్డాను.

ఆ వారంలోనే అత్త స్వయంగా దిగింది. పొడగరి, నడుం వంగలేదు, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. సారును చూసి నాతో అంది.

"అమ్మోరు ఇచ్చిన పేరు మార్చమనేదానికి ఈయనెవురు పాపా?"

"ఆ పేరు ఇంకొకాయన ముందే తీసుకున్నాడవ్వా."

"తీసుకునేదానికి అమ్మోరేమన్నా శెనక్కాయల మూటనా?"

"పోనీ, ఇంకోసారి పూలేసి అడగగూడదా?"

ఆమె రెండు చెంపలూ వేసుకుంది. "అడిగిందే మళ్ళా అడిగితే కండ్లు పోతాయి! ఒగసారి చెప్పినంక ఆమె మాటే. నేను పోయి ఆ నూనెవాణ్ణే అడుగుతా. మా అమ్మోరి పేరు వాడికెట్ల సొంతమో చూస్తా."

కోడలు గోడకు ఆనుకుని నిలబడి కాళ్ళవైపు చూస్తోంది. నేను ఆమె మీద మళ్ళీ విసుక్కున్నాను, మనసులోనే. ఇంత పాకం పట్టే మనిషివి, అత్త ముందు నీళ్ళు నమిలితే ఎట్లా అని.

సారు ఆ కంపెనీ యజమానితో మాట్లాడి, కోర్టు దాకా పోకుండా ఒకసారి కూర్చుందామని ఒప్పించాడు. చెప్పిన రోజున సారు, నేను, కోడలు బయల్దేరాం. అత్తను ఎవరూ పిలవలేదు. ఆమె మాకంటే ముందే ఆ కంపెనీ గేటు దగ్గర నిలబడి ఉంది. నుదుట కుంకుమ రూపాయి బిళ్ళంత, కొంగున అమ్మవారి పూలు. సారు నా చెవిలో "ఈమె లోపల నోరెత్తకుండా చూడు" అన్నాడు. చూడటమైతే చూశాను.

లోపలంతా నువ్వుల నూనె వాసన. యజమాని యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మందం కళ్ళజోడు. తమిళంలో ముక్తసరిగా మాట్లాడాడు. మా పేరు మేము కాపాడుకోవాలి, ఒకరికి వదిలితే రేపు పదిమంది వస్తారు అన్నాడు. ఆయన వెనక గోడ మీద పూలదండతో అమ్మవారి పటం. అత్త దాన్ని చూసింది. ఇంకేముంది, కోడలి వైపు తిరిగి ఇంటి భాషలో అందుకుంది.

"చూడవే, వీడి నెత్తిన బండ పడ! మన అమ్మోరిని తెచ్చి నూనె డబ్బాల నడమ కూకోబెట్టినాడే! మొగం చూడు, ఆముదం తాగినట్ల."

యజమాని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బండ పడితే పడనీలే అవ్వా. ముందు కాపీ తాగండి, తాగి తిట్టండి."

ఆయనా తెలుగువాడే! మా ఊళ్ళలో ఇదొక కష్టం. గడప దాటితే అందరమూ తమిళమే. ఎదుటివాడి ఇంట్లో ఏ భాషో బయటికి తెలియదు. అవతలివాడికి అర్థం కాదులే అని ఇంటి భాషలో తిట్టి దొరికిపోయినవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. కానీ ఒప్పందానికి పోయి దొరికిపోవడం నేను చూడటం అదే మొదలు.

అత్త మాత్రం తగ్గలేదు. "నువ్వు మనోడివా! ఇంటిపేరేంది?" అంది.

ఆయన చెప్పాడు. అత్త నోరు తెరిచింది. వాళ్ళదీ అదే ఇంటిపేరు. ఏ ఊరు, ఎవరి పిలకాయవు, ఏ గుడి కొలువుకు పోతారు అని వరసగా అడిగి, "అట్లయితే నువ్వు నాకు కొడుకు వరస!" అని తేల్చింది.

"అవును పెద్దమ్మా."

"తల్లికి నోటీసు పంపిన కొడుకువి!"

ఆయన నవ్వేశాడు. మా సారుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కొట్టుకుంటున్నారేమో అనుకుని "పోలీసులు వద్దని చెప్పు" అన్నాడు నాతో.

"ఇంగేముంది" అంది అత్త కొంగు సర్దుకుని. "అమ్మోరు మనకందరికీ అమ్మ. నూనె నువ్వు అమ్ముకో. మిఠాయి ఇది అమ్ముకుంటాది. పేరు ఇద్దరికీ."

యజమాని తల అడ్డంగా ఊపాడు. "వరస వేరే, యాపారం వేరే పెద్దమ్మా. మా నాయన కూడా పూలేసి అడిగే ఈ పేరు పెట్టినాడు. నాకేం మీ మీద కోపమా? కానీ కష్టం ఎక్కడొచ్చిందో వినండి. ఒగామె ఫోను చేసింది. మీ నూనె ఎప్పుడూ వాడతా ఉండాం, మీ మిఠాయి దానికంటే బాగుంది, మా పాప పెండ్లికి పలారాల్లో అదే కావాల అని. నేను మిఠాయి చెయ్యనమ్మా అంటే నమ్మదే! అట్ల ఇంకా కొందరు చేసినారు. రేపు మిఠాయిలో ఏదన్నా తేడా వచ్చినా నన్నే గద అడుగుతారు?"

సారుకు నేను తమిళంలో చెబుతున్నాను. అంతలో కోడలు మాట్లాడింది. ఆమె గొంతు అంత పైకి రావడం నేను మొదటిసారి విన్నాను.

"మిఠాయి బాగుందని మీకు చెప్పినారా?"

"అవునమ్మా."

"మీరేమన్నారు?"

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "నమ్మకపోతే ఏం చేసేది? సరేమ్మా, సంతోషం అని పెట్టేసినా."

ఆమె లేచి నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాపింది.

"ఈ చేతులు చూడండి. ఇన్నేండ్లు పాకం పట్టినా. అప్పుడంతా బాగుందన్న మాట పట్టడి మొదలాళికి పోయె. సొంతంగా పెట్టుకున్నంక మీకు పోతా ఉంది. నాకెప్పుడొస్తాది? నాకొద్దు ఈ పేరు."

"ఏమే!" అత్త కుర్చీలోంచి సగం లేచింది. "అమ్మోరి పేరు వద్దంటావా? నోరెట్లొచ్చెనే నీకు?"

"నాకు నోరు రాలేదు గద అత్తా! అది అమ్మోరి పేరే కాదు, మీ పేరు కూడా. అత్త పేరు కోడలు పలకగూడదని నేర్పించింది మీరే గద. అంగట్లో ఏం మిఠాయమ్మా ఇది అంటే డబ్బా చూపిస్తా ఉండా. ఫోనులో అడిగితే బొమ్మ పంపిస్తా ఉండా. ఈ అక్క అడిగితే కూడా డబ్బా జరిపినా. ఈమె నన్ను పొగరుబోతనుకునె. నా సరుకు పేరు నేను నోటితో చెప్పుకోలేను. అట్లాంటి యాపారం ఎట్ల చేసేది?"

నాకు ఒక్కసారిగా ఆ మొదటి రోజు డబ్బా నా వైపు జరపడం గుర్తొచ్చింది. అయ్యో తల్లీ అనిపించింది. ఆ వంశంలోనూ, వాళ్ళతో వియ్యమందే వంశాల్లోనూ ఇంటింటా పెద్ద ఆడపిల్లకు అమ్మవారి పేరే పెడతారని నాకు తెలుసు. అత్తకు ఆ పేరు ఉంటుందనీ, కోడలు దాన్ని పలకదనీ నాకెందుకు తోచలేదో. తెలుగింట పుట్టానన్న మాటే గానీ!

అత్త మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"ఎట్ల చెప్పేది? చెప్పాలంటే పేరు పలకాల గద."

ముందుగా నవ్వింది యజమాని. ఆ తరువాత అత్త. ఆమె నవ్వుకు గుమాస్తాలు తొంగి చూశారు. యజమాని కళ్ళు తుడుచుకుని అన్నాడు. "మా అమ్మకూ అదే పేరు. మా ఆమె ఈ రోజు వరకు మా కంపెనీ పేరు నోట పలకలేదు. 'మనది' అంటాది. మా ఇంట ముగ్గురికి ఆ పేరే పెద్దమ్మా. పిలిస్తే ముగ్గురూ వస్తారని తలా ఒగ పిలుపుపేరు పెట్టుకున్నాం."

"ఎవురింట లేదులే. నన్ను మాత్రం ఆ పేరుతో ఎవురు పిలిచినారు? మా నాయన ఒగ పేరుతో పిలిచె, మీ పెద్దనాయన ఇంగో పేరుతో పిలిచె" అంది అత్త. అని, అక్కడే ఆగిపోయింది. ఆమె పటం వైపు తిరిగి, చేతులు జోడించి, మళ్ళీ మావైపు తిరిగింది.

"సరి. అమ్మోరిచ్చిన పేరు మిఠాయికి పెట్టిన పేరు. అది షెడ్డులో దీపం కాడ ఉంటాది. దాన్ని ఎవురూ మార్చే పన్లేదు. అంగడికి పిలుపుపేరు పెడదాం. పిలుపుపేరు ఏందని అమ్మోరిని ఇంగా అడగలేదు గద? అది వేరే ప్రశ్న. దానికి కండ్లు పోవు."

నేను సారుకు అంతా చెప్పాను. ఆయన ఊపిరి గట్టిగా వదిలి, "ఇది ఏ చట్టంలో ఉందమ్మా?" అన్నాడు.

"అత్త చట్టంలో సార్."

యజమాని ఉన్న సరుకు దీపావళి దాకా అమ్ముకోమన్నాడు. తరువాత కొత్త పేరుతో రావాలి. అదే కాగితం మీద రాసుకున్నారు. ఆ పెళ్ళివారి ఫోను నంబరు కూడా వెతికి కోడలికి ఇచ్చాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. చట్టం ఆయన పక్కనే ఉంది. గట్టిగా పట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేరు.

బయటికి రాగానే నేను అత్త దారికి అడ్డం నిలబడ్డాను. "అవ్వా, ఈసారి ముందు నేను వెతుకుతా. నేను సరే అన్న పేర్లే అమ్మోరి ముందుకు పోవాల. తిరగేసి చేస్తే నేను ఊరుకోను."

"అమ్మోరికి నువ్వు గుమాస్తావా?"

"అట్లనే అనుకో."

ఇంటిల్లిపాదీ పేర్లు పంపారు. ఊరి పేరు కలిపి పెడదామన్నారు. ఊరి పేరు ఊరందరిదీ, మా ఊరి మిఠాయికి ప్రభుత్వ గుర్తింపు కూడా ఉంది, దాన్ని ఒక్కరు సొంతం చేసుకోవడం కుదరదని చెప్పాను. 'తీపి', 'కమ్మన' లాంటివి వద్దన్నాను. మిఠాయి తీపిగా ఉంటుందని చెప్పుకోవడానికి ఎవరికైనా హక్కుంటుంది. కొన్ని అప్పటికే ఒకరివి, కొన్ని ఒకరివాటికి మరీ దగ్గర. చివరికి నా జల్లెడలో మూడు పేర్లు మిగిలాయి. అందులో ఒకటి కోడలిని పుట్టింట్లో చిన్నప్పుడు పిలిచిన పేరు. ఎవరు పంపారా అని అడిగితే, అత్తే పంపిందట. కోడలి తల్లికి ఫోను చేసి కనుక్కుని మరీ.

పూలు వేసిన రోజు నన్నూ పిలిచారు. తెల్ల పువ్వు, ఎర్ర పువ్వు, పచ్చ చామంతి. ఇన్నేళ్ళు పేర్లు వెతికిన నేను, ఆ పూజారి చెయ్యి ఆకుల మీద తచ్చాడుతుంటే పరీక్ష రాసిన పిల్లలా చెమటలు పట్టి నిలబడ్డాను. ఏది వచ్చినా చట్టానికి అడ్డం లేదు, తెలుసు. అయినా నాకు ఒకటే రావాలని ఉంది. చామంతి వచ్చింది. కోడలి పిలుపుపేరు. అత్త నా వైపు చూసి కళ్ళెగరేసింది. అమ్మవారు కూడా కాస్త పక్షపాతి అని ఆ రోజు అనిపించింది.

దరఖాస్తు నేనే పెట్టాను. అదే నా చివరి దరఖాస్తు. ఆ తరువాత కొన్నాళ్ళకు రిటైరయ్యాను. పిల్లలూ, మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పేరు ఎవరైనా ఇవ్వనీ, తాత ఇవ్వనీ, దేవుడు ఇవ్వనీ, ముందు వెతికించండి. ఒకరి పేరు వాడితే వాళ్ళకు నష్టమని మాత్రమే అనుకుంటారు. మీకు రావలసిన మెప్పు కూడా పోయి వాళ్ళ ఇంట్లో కూర్చుంటుంది. ఇంకో మాట. పెట్టిన పేరు మీ నోటితో మీరు నాలుగుసార్లు గట్టిగా పలికి చూసుకోండి.

మొన్న కోవిల్‌పట్టి బస్టాండులో అత్తాకోడళ్ళు కనబడ్డారు. కాళ్ళ దగ్గర మిఠాయి అట్టపెట్టెలు, కోడలి చెవి దగ్గర ఫోను. అవతల ఎవరో అంగడివాడు ఏ మిఠాయి అని అడిగినట్టున్నాడు. ఆమె తన పేరు చెప్పింది. బస్సుల హారన్ల మధ్య అవతలివాడికి వినపడలేదు కాబోలు, మళ్ళీ చెప్పింది. పక్కనున్న అత్త మోచేత్తో పొడిచింది.

"ఇంగా గట్టిగా చెప్పవే! నీ పేరే గద!"